పాత బండి – కొత్త ఎస్టిమేటు

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయినసారి ఈ సభలో నేను కమ్యుటేషన్ రికవరీ గురించి మాట్లాడితే వెనక వరుసలో ముగ్గురు నిద్రపోయారు. అందులో ఒకరు ఈ రోజు ముందు వరుసలో కూర్చున్నారు, సంతోషం. ఈసారి కార్యదర్శి గారు ముందే చెప్పారు: "జీవోలు వద్దు, మీరు కళ్లారా చూసిన సంగతి ఏదైనా చెప్పండి" అని. నేను చూసిన సంగతుల్లో జీవో లేనిది ఒక్కటే ఉంది. అది అమెరికాలో ఒక పాత కారు గురించి. పాత కారుతో మనకేం పని అంటారేమో. ఆ కారు యజమాని కూడా పెన్షనరే. అతని దాచుకున్న డబ్బు సంగతి కాబట్టి మన సభలో చెప్పుకోవచ్చుననుకున్నాను.

2018 మే నెలలో నేనూ మా ఆవిడా మిషిగన్ రాష్ట్రంలో మా అమ్మాయి దగ్గరికి వెళ్లాం. డెట్రాయిట్ నగరానికి ఉత్తరాన ఓక్లాండ్ కౌంటీ అని ఉంది. మన తెలుగువాళ్లు అక్కడ బాగానే ఉన్నారు, సగం మంది కార్ల కంపెనీల చుట్టూ తిరిగే ఉద్యోగాలే. ఆ కౌంటీలోనే పాంటియాక్ అనే ఊరు ఉంది. ఆ ఊరి పేరు మీదే పాంటియాక్ కార్లు వచ్చేవి. ఇప్పుడు లేవు. 2009లో మూసేస్తున్నామని ప్రకటించి, 2010లో తయారీ ఆపేశారు.

మా అమ్మాయి పక్కింటాయన కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయిన మనిషి. అప్పటికి డెబ్బై అయిదేళ్లు. భార్య పోయి ఏడేళ్లు. కొడుకు టెక్సాసులో. నెలనెలా కంపెనీ పెన్షను వస్తుంది, సోషల్ సెక్యూరిటీ అని ప్రభుత్వం ఇచ్చేది వేరే వస్తుంది. కంపెనీ పెన్షనుకు డి.ఎ. ఉందా అని అడిగాను, అలవాటు కొద్దీ. అదేమిటని అడిగాడు. ధరలు పెరిగితే పెన్షను పెరగడం అని చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వాడు. దాంతో స్నేహం కుదిరింది.

ఒకనాడు ఆయన తన గ్యారేజీ తలుపు ఎత్తి, లోపల ముసుగు కప్పిన బండి చూపించాడు. 1966 మోడల్ పాంటియాక్ జీటీఓ. లేత నీలం రంగు. ఇరవై మూడేళ్ల వయసులో, పెళ్లికి ముందు, మూడు వేల డాలర్లకు కాస్త పైన పెట్టి కొన్నాడట. ఆ బిల్లు ఇంకా దాచి ఉంచాడు. ఆ బిల్లు చూడగానే నాకు మనిషి మీద గౌరవం రెట్టింపయింది.

ఇలాంటి వాటిని అక్కడ మజిల్ కార్లు అంటారు. కండబలం ఉన్న కార్లన్నమాట. మధ్యరకం సైజు బండిలో పెద్ద బండికి పెట్టే ఇంజను దిగేయడమే దాని కిటుకు. మన అంబాసిడర్ ఇంజను దాదాపు 1500 సి.సి. ఉండేది, యాభై గుర్రాల బలం. ఈ జీటీఓ ఇంజను 6,375 సి.సి. ఎనిమిది సిలిండర్లు. 335 గుర్రాలని కంపెనీవారి లెక్క. మనం ఫియట్టుకో అంబాసిడర్‌కో డబ్బు కట్టి ఏళ్ల తరబడి వరసలో నిలబడ్డ రోజుల్లో అక్కడి కుర్రవాళ్లు, ఫ్యాక్టరీ జీతంతో, ఇలాంటివి కొనుక్కుని రోడ్డెక్కారు.

దీని పుట్టుక వింటే మన గుమాస్తాలకు ముచ్చట వేస్తుంది. మధ్యరకం బండ్లలో 330 ఘనపుటంగుళాలకు మించిన ఇంజను పెట్టరాదని జనరల్ మోటార్స్ వారి లోపలి నిబంధన. పాంటియాక్ విభాగంలో చీఫ్ ఇంజనీరు జాన్ డెలోరియన్, ఆయన మనుషులు దానికి 389 అంగుళాల ఇంజను పెట్టాలనుకున్నారు. కొత్త మోడల్ అంటే పైవాళ్ల మంజూరు కావాలి. అందుకని కొత్త మోడల్ అనలేదు. ఉన్న లెమాన్స్ మోడల్‌కే అదనపు సామాను ప్యాకేజీ అని రాశారు. 1964లో ఆ ప్యాకేజీ ధర 295 డాలర్ల చిల్లర. ఆ ఒక్క ఏడాదే ముప్పై రెండు వేల పైన అమ్ముడుపోయాయి. నిబంధన ఎటుపోయిందో మరి! వేరే పద్దు కింద మంజూరు తెచ్చుకోవడం మనకే చేతనవుననుకున్నాను ఇన్నాళ్లూ.

ఈ వైభవం పట్టుమని పదేళ్లు లేదు. 1970లో గాలి కాలుష్యం చట్టం వచ్చింది, ఇన్సూరెన్సు కంపెనీలు కుర్రవాళ్లకు ప్రీమియం పెంచేశాయి, 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు ఆపాయి. అంతటితో సరి.

పక్కింటాయన బండి 1979 నుంచి కదలలేదు. ఆయన ఉద్దేశం దాన్ని పూర్తిగా విప్పి, కొత్తగా ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు చేయించాలని. ఒక వర్క్‌షాపువారు ఎస్టిమేటు ఇచ్చారు: 72,000 డాలర్లు. ఆనాటి మారకం ప్రకారం మన డబ్బులో యాభై లక్షలు కొంచెం అటూఇటూ. ఆయన దగ్గర నిల్వ ఉన్నది మొత్తం తొంభై వేలు. ఇంటి పైకప్పు మార్చవలసి ఉంది. చెవుల మిషన్లు కొనవలసి ఉంది. కొడుకు ఫోన్ చేసినప్పుడల్లా అది అమ్మేయమంటున్నాడు. "నువ్వు లెక్కల మనిషివి కదా, నీకు ఇందులో ఎటు పక్షమూ లేదు, చూసి చెప్పు" అని ఆ కాగితాలు నా చేతిలో పెట్టాడు.

మా అమ్మాయి కంగారు పడింది. "నాన్నా, ఇక్కడ ఒకరి డబ్బు విషయంలో ఇంకొకరు మాట్లాడకూడదు" అంది. అల్లుడు మాత్రం "చూడండి మావయ్యగారూ, ఎలాగూ ఇంట్లో కూర్చుని విసుగుపడుతున్నారు" అన్నాడు. నేను ఒక రూళ్ల పుస్తకం తెప్పించుకుని పనిలో దిగాను.

ఇక్కడ నా పాత పాపం ఒకటి చెప్పాలి. 1987లో నేను ఒక ఇంజనీరింగు డివిజన్ ఆఫీసులో అకౌంట్లు చూసేవాణ్ణి. ఆఫీసు జీపు పడిపోయింది. రిపేరుకు నాలుగు వేలయితే నడుస్తుందని మా డ్రైవరు అన్నాడు. పదిహేడేళ్లుగా దాన్ని నడిపినవాడు. పుస్తకంలో జీపు విలువ అంతకన్నా తక్కువ. రిపేరు ఖర్చు పుస్తకపు విలువకు మించితే ఏం రాయాలో మీకు తెలుసు. నేను అదే రాశాను, సర్వే రిపోర్టు పెట్టాను, జీపు కండెమ్ అయింది, వేలంలో ఇనుము ధరకు పోయింది. పాడుకున్నవాడు ఆ నాలుగు వేలే ఖర్చుపెట్టి దాన్ని బాగుచేయించుకుని, మిర్చి బస్తాలు వేసుకుని మా ఆఫీసు ముందునుంచే తిప్పేవాడు. అది వెళ్లినప్పుడల్లా మా డ్రైవరు లేచి వరండాలోకి వెళ్లి నిలబడేవాడు. నాతో ఒక్క మాట అనలేదు. అందుకని ఈసారి పుస్తకపు విలువ దగ్గరే ఆగకూడదని అనుకున్నాను.

ముందు బండి అసలుదా కాదా తేల్చాలి. నవ్వకండి, అక్కడ ఇది పెద్ద విషయం. మామూలు లెమాన్స్ కొని, గుర్తులు అంటించి జీటీఓ అని అమ్మేవాళ్లున్నారు. 1964, 65 బండ్ల నెంబరు చూసి అది జీటీఓ అవునో కాదో చెప్పలేం, ఎందుకంటే అప్పుడది ప్యాకేజీయే కదా. 1966లో దానికి సొంత సీరీసు వచ్చింది. నెంబరు 242తో మొదలైతే జీటీఓ. డ్రైవరు వైపు తలుపు బందుల స్తంభం మీద చిన్న పలక ఉంటుంది, బ్యాటరీ లైటు వేసి చూశాను, 242 ఉంది. ఇంజను మీద యూనిట్ నెంబరు ఒకటి ఉంటుంది, అది కంపెనీ నాటి బిల్లింగు కాగితంలోని నెంబరుతో కలవాలి. ఆ పాత కాగితాల మైక్రోఫిల్ములు భద్రంగా ఉన్నాయి. రుసుము కడితే నకలు పంపుతారు. యాభై ఏళ్ల కిందటి బిల్లుకు నకలు! మన ఆఫీసుల్లో అయిదేళ్ల కిందటి వోచరు అడిగితే ఏం జరుగుతుందో చెప్పనక్కరలేదు. నకలు వచ్చింది, నెంబరు కలిసింది. అలా నెంబర్లు కలిసిన బండికి ధర ఎక్కువ.

తరువాత తుప్పు. మిషిగన్‌లో చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. డెట్రాయిట్ నగరం అడుగునే, వెయ్యి అడుగుల పైచిలుకు లోతున, ఉప్పు గని ఉంది. ఆ ఉప్పు కారు అడుగు రేకును తినేస్తుంది. అరిజోనా ఎడారిలో ఉన్న బండికి, ఇక్కడి బండికి ధరలో తేడా అందుకే. పైన రంగు బాగానే ఉంటుంది, రంగు కింద లప్పం ఉంటుంది. వర్క్‌షాపు మనిషి అయస్కాంతం తెచ్చి, గుడ్డ చుట్టి రేకు మీద జరుపుతూ వచ్చాడు. వెనక చక్రాల దగ్గర అయస్కాంతం జారి కింద పడింది. అంటే అక్కడ ఇనుము లేదు, లప్పమే.

ఎస్టిమేటును నేను పద్దులవారీగా విడగొట్టాను. విడి భాగాలు నేననుకున్నంత ఖరీదు కావు. నేల రేకులు, డిక్కీ రేకులు, పక్క రేకులు కొత్తగా అచ్చుపోసి అమ్ముతున్నారు. అవి మొత్తం 3,800. డబ్బంతా కూలిలో ఉంది. గంటకు 95 డాలర్లు, రేకు పనికీ రంగుకీ 360 గంటలు. అంటే 34,200, సగానికి కొంచెం తక్కువ. క్రోమియం పూతకే 5,500. మన వైపు మేస్త్రీ సుత్తితో కొట్టి సాయంత్రానికి సరిచేసే పని అక్కడ గంటల లెక్కలో పోతుంది. ఆ మేస్త్రీని మెచ్చుకోవాలో, ఇన్నాళ్లు వాడికి మనమిచ్చిన కూలిని చూసి సిగ్గుపడాలో తెలియలేదు.

ఇంతాచేస్తే బండి ఎంత చేస్తుంది? అక్కడ పాత కార్లకు ధరల పుస్తకాలున్నాయి. స్థితిని ఒకటి నుంచి నాలుగు దాకా తరగతులు చేస్తారు. ఒకటి అంటే ప్రదర్శనలో పెట్టేది, నాలుగు అంటే ఏదో నడిచేది. వాటిని, ఇటీవలి వేలాల ధరలను చూసి నేనూ అల్లుడూ కట్టిన అంచనా: ఉన్నదున్నట్టుగా 16,000. పూర్తిగా చేయిస్తే 55,000. పదహారుకు డెబ్బై రెండు కలిపితే ఎనభై ఎనిమిది. చేతికి వచ్చేది యాభై అయిదు. నికర నష్టం 33,000 డాలర్లు. వర్క్‌షాపు మనిషే దాచకుండా అన్నాడు, చేయించిన ఖర్చు తిరిగి రావడం అరుదు, అందుకే చేయించిన బండి కొనుక్కోవడమే చవక అని.

లక్షలు పలికే బండ్లు లేవా? ఉన్నాయి. 1971 ప్లిమత్ హెమీ కుడా, టాపు తెరుచుకునే రకం, 2014లో వేలంలో 35 లక్షల డాలర్లకు పోయింది. కాని అలాంటివి చేసింది పదకొండే. మన పక్కింటాయన మోడల్ 1966లో దాదాపు 97 వేలు అమ్ముడుపోయింది. టీవీలో వేలం చూసి తన షెడ్డులో బండికీ ఆ ధర వస్తుందనుకోవడం, బంజారాహిల్స్ గజం ధర విని మన ఊరి దిబ్బకు లెక్క కట్టడం లాంటిది.

ఇంకొక లెక్క కూడా వేశాను. 1966లో ఆ మూడు వేలు అయిదు శాతం చక్రవడ్డీకి బ్యాంకులో వేసుంటే 2018 నాటికి దాదాపు 38 వేలయ్యేవి. షెడ్డు అక్కరలేదు, తుప్పు పట్టదు. ఇది ఆయనకు చూపించాను. ఆయన కాగితం మడిచి, "బ్యాంకులో వేసిన డబ్బులో నా భార్యను సినిమాకు తీసుకెళ్లలేను కదా" అన్నాడు. నా దగ్గర ఆ పద్దు లేదు.

నేను ఆ రాత్రి నోటు రాశాను, ఆఫీసు పద్ధతిలోనే. పూర్తి పునరుద్ధరణ సిఫార్సు చేయడం లేదు. అమ్మకమూ సిఫార్సు చేయడం లేదు. బండిని భద్రంగా నడిచే స్థితికి తెచ్చి, రేకు, రంగు, సీట్లు ఉన్నవి ఉన్నట్టు వదిలేయవచ్చును. ఎస్టిమేటు 8,000. ముందు ఇంటి పైకప్పు, చెవుల మిషన్లు. ఎస్టిమేటులో సీట్ల కవర్ల పద్దును ఆయన అప్పటికే పెన్సిలుతో కొట్టేసి ఉన్నాడు. ఎందుకని అడిగితే వెనక సీటు చూపించాడు. చిరిగినచోట నల్లదారంతో కుట్టు ఉంది. ఆవిడ కుట్టింది.

కొడుకు ఫోనులో నాతో మాట్లాడతానన్నాడు. నాకు చెమట పట్టింది. "ఎనిమిది వేలు మాత్రమేనా, గ్యారంటీయా?" అన్నాడు. రివైజ్డ్ ఎస్టిమేటు అనే మాట ఆ దేశంలో ఉందో లేదో తెలియక, "ఇంచుమించు" అన్నాను.

పని మొదలైంది. సిలిండర్లలో నూనె పోసి, రెండు రోజులు నానబెట్టి, చేత్తో తిప్పితే ఇంజను తిరిగింది. పెట్రోలు ట్యాంకు, పైపులు మార్చారు. కార్బురేటరు విప్పి కట్టారు. రేడియేటరు, వైర్లు, టైర్లు. బ్రేకుల దగ్గర నేను మొండికేశాను. ఆ ఏడాది బండికి బ్రేకు నూనె దారి ఒక్కటే. అది పోతే నాలుగు చక్రాలూ పోయినట్టే. మరుసటి ఏడాది మోడల్ నుంచి రెండు దారులు వచ్చాయి. ఆ రకం మాస్టర్ సిలిండర్ వేయమన్నాను. అసలుతనం పోతుందని ఆయన, మనిషి పోతాడని నేను. చివరికి నా మాటే నెగ్గింది, పాతది అట్టపెట్టెలో దాచాడు. ఇంతలో వెనక చక్రం దగ్గర ఫ్రేములోనే తుప్పు బయటపడింది. వెల్డింగు, మళ్లీ గంటల లెక్క. మొత్తం 11,400 అయింది. కొడుక్కి లెక్క నేనే పంపాను, వోచర్ల నకళ్లతో సహా. జవాబు రాలేదు. ఆడిట్ అభ్యంతరం లేదనే అనుకున్నాను.

డెట్రాయిట్ నుంచి పాంటియాక్ దాకా వుడ్‌వర్డ్ అవెన్యూ అని పొడుగాటి రోడ్డుంది. అరవైల్లో కుర్రవాళ్లు ఈ బండ్లేసుకుని అక్కడే తిరిగేవారు. 1995 నుంచి ఏటా ఆగస్టు మూడో శనివారం పాత కార్లన్నీ ఆ రోడ్డు మీదికి వస్తాయి. మన రథోత్సవం లాగా జనం దారి పొడుగునా కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. 2018 ఆగస్టు 18న ఆయన పక్క సీట్లో నేను కూర్చున్నాను. నడుముకు మాత్రమే బెల్టు. ఏ.సి. లేదు. ఆ ఇంజను చప్పుడు చెవిలో కాదు, కడుపులో వినపడుతుంది. చుట్టూ తళతళలాడే బండ్లు, మాది రంగు వెలిసి, తలుపు కింద తుప్పుతో. అయినా జనం మా దగ్గరికే వచ్చి అడిగారు, ఇది ఎవరూ ముట్టని బండి కదా అని. బాగుచేయించిన బండ్లు వందలున్నాయి, ముట్టనివి తక్కువ. బాగుచేయించడం ఎన్నిసార్లయినా కుదురుతుంది, అసలుతనం ఒకసారి పోతే రాదు. ఈ సంగతి నా లెక్కల్లో లేదు. నా నోటు సరైనదే అయింది గాని, నేను రాసిన కారణంతో కాదు. మధ్యలో ఒక చోట ఇంజను వేడెక్కి అరగంట రోడ్డు పక్కన నిలబడ్డాం, అది కూడా చెప్పాలి.

2020 జనవరిలో ఆయన మా అమ్మాయి ద్వారా కబురు పంపాడు. బుల్లిట్ అనే 1968 నాటి సినిమాలో స్టీవ్ మెక్వీన్ నడిపిన మస్టాంగు కారు ఫ్లోరిడా వేలంలో 34 లక్షల డాలర్లు పలికిందట. కమీషను కలిపి 37 లక్షల 40 వేలు. 1974లో ఒక కుటుంబం దాన్ని ఆరు వేలకు కొని అట్టేపెట్టుకుంది. వెలిసిన రంగు, సొట్టలు అలాగే ఉన్నాయి. "అకౌంటెంటుకు చెప్పు" అన్నాడట.

ఇక్కడితో ఆపితే బాగుండేది. 2022లో ఆయన మెట్ల మీద జారి పడ్డాడు. ఒంటరిగా ఉండలేక సంరక్షణ కేంద్రంలో చేరవలసి వచ్చింది. అక్కడి నెల ఖర్చు ఎంతో వింటే మీరు నమ్మరు. దాచిన డబ్బు ఉండబట్టి ఆయన చేరగలిగాడు. ఆ 72,000 బండిలో పోసుంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె దడ. బండిని కొడుకే అమ్మాడు, 31,500కు. పదహారు, పదకొండు వేల నాలుగు వందలు కలిపితే ఇరవై ఏడు వేల నాలుగు వందలు. నాలుగు వేల వంద మిగులు. నా సర్వీసులో ఏ ఎస్టిమేటూ ఇంత బాగా ముగియలేదు.

ఆయన ఒకసారి ఫోనులో మాట్లాడాడు. "మన లెక్క సరిపోయిందా?" అన్నాడు. సరిపోయిందన్నాను. "నాలుగు వేసవులు నడిపాను, అది ఏ పద్దులో రాశావు?" అన్నాడు. ఏమీ అనలేకపోయాను. మా డ్రైవరు జ్ఞాపకం వచ్చాడు.

పోయిన ఏడాది మా అల్లుడికి ఆ బండి వుడ్‌వర్డ్ మీద కనపడింది. నెంబరు చూసి పోల్చాడు. కొన్నవాడు మొత్తం విప్పించి చేయించాడు. ఎర్ర రంగు. అద్దంలా మెరుస్తోంది. ఎంత పోశాడో నేను అడగలేదు. అల్లుడు నాలుగు ఫోటోలు తీసి పంపాడు, నాలుగోది లోపలిది. సీట్లన్నీ కొత్తవి.

పక్కింటాయనకు ఎనభై దాటాయి, చూపు బాగానే ఉందట. ఆ ఫోటోలు మాత్రం ఆయనకు చూపించవద్దని మా అమ్మాయికి చెప్పాను.

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. భోజనాలు సిద్ధంగా ఉన్నట్టున్నాయి.  సెలవు.